బుర్రకథకు మూడు గొంతులు

మా అమ్మాయికి పదమూడేళ్ళు. పుట్టిందీ పెరిగిందీ అమెరికాలోనే. దానికి పాత కంప్యూటర్లంటే ప్రాణం. 1982లో వచ్చిన కమొడోర్ 64ని లాప్‌టాప్‌లో ఎమ్యులేటర్ మీద, అంటే ఆ పాత యంత్రాన్ని అనుకరించే ప్రోగ్రాం మీద నడుపుతుంది. ఈ వేసవిలో అమలాపురం దగ్గర మా ఊరు వెళ్ళినప్పుడు, అందులో పాడే బొమ్మలు చేస్తానంది. ఆ యంత్రంలో శబ్దాలు పలికించే సిడ్ చిప్ ఒకేసారి మూడు స్వరాలు పలుకుతుంది. అది వినగానే మా నాన్నగారు, "మూడు గొంతులా? అయితే బుర్రకథే చెయ్యవే అమ్మడూ" అన్నారు. కథకుడు ఒకడు, వంతలు ఇద్దరు. కుర్రతనంలో ఆయనా మా ఊరి దళంలో వంత పాడినవారే.

తెర మీద కదిలే చిన్న బొమ్మని స్ప్రైటు అంటారు. ఒక్కో స్ప్రైటు అడ్డంగా 24 చుక్కలు, నిలువుగా 21, వెరసి 63 బైట్లు. బొమ్మలు చూపించే వేరే చిప్ సొంతంగా చూపించేవి ఎనిమిదే. తలకొకటి, ఒంటికొకటి చొప్పున ముగ్గురికీ ఆరు, మిగిలిన రెండూ వంతలు వాయించే గుమ్మెటలకు. నోరు మూసిన తల, కాస్త తెరిచిన తల, బాగా తెరిచిన తల ముందే గీసి పెట్టుకుంటే, మెమరీలో 2040 నుంచి ఉండే పాయింటర్లలో, అంటే ఏ బొమ్మ చూపాలో చెప్పే అంకెల్లో, ఒక్క అంకె మార్చగానే నోరు కదులుతుంది.

సిడ్ రాగం పలుకుతుంది గానీ మాట పలకదు. మాట తెలియాలంటే నోరే చెప్పాలి. మా అమ్మాయి మొదట అక్షరానికీ అక్షరానికీ మధ్య నోరు మూయించింది. నాన్నగారు చూసి ఆపించారు.

"తందాన తాన అను చూద్దాం. పెదాలు తగిలాయా?"

అది పెదాల మీద వేలు పెట్టుకుని రెండుసార్లు అంది. "లేదు తాతయ్యా!"

"మరి వాడి నోరెందుకు మూస్తావు? తం, దా, తా సాగుతాయి. న పొట్టిది."

తొడ మీద తాళం వేసి చూపించారు. తం రెండు మాత్రలు, దా రెండు, న ఒకటి, తా రెండు, న ఒకటి. మా అమ్మాయి సెకనుకి 60 ఫ్రేముల (తెర బొమ్మల) లెక్కన లఘువుకి పది, గురువుకి ఇరవై రాసుకుంది. మొత్తం 80 ఫ్రేములు. బొమ్మ పాడింది! అమెరికాలో వారం వారం తెలుగు తరగతికి పంపుతూనే ఉన్నాం. అయినా గురులఘువులతో దానికి పని పడింది మాత్రం మా ఊళ్ళోనే. నా మట్టుకు నాకు, "మన భాష" అని వందసార్లు చెప్పడం కంటే భాషతో పిల్లలకో పని కల్పించడం మేలనిపిస్తోంది.

గుమ్మెట దగ్గర పెద్ద చిక్కొచ్చింది. స్వరాలు మూడూ గొంతులకే సరిపోయాయి. రెండో స్వరాన్ని కాసేపు నాయిస్‌కి, అంటే గరగర శబ్దానికి, మార్చి దెబ్బ వేయాలి, ఆ క్షణాన ఆ వంత పాడలేడు. "ఊపిరి తీసుకునే చోట వెయ్యి" అన్నారు నాన్నగారు. అక్కడ చక్కగా ఇమిడింది. మూడో స్వరం ఎంత బిగ్గరగా ఉందో మెమరీలో 54300 దగ్గర చదువుకోవచ్చు కాబట్టి ఆ వంత నోటికి ఫ్రేముల పట్టికే అక్కర్లేకపోయింది.

ఇప్పుడు కథకుడి వచనం మిగిలింది. దానికి పాటలా మాత్రల లెక్క ఉండదు, చెవితో విని రాసుకోవాల్సిందే. అమెరికా తిరిగొచ్చాక, మాకు శనివారం రాత్రి, వాళ్ళకి ఆదివారం పొద్దున, నాన్నగారు ఫోన్లో ఒక్కో వాక్యం చెబుతుంటే మా అమ్మాయి ఫ్రేములు వేసుకుంటోంది. హాస్యం చెప్పే వంతకు మీసాలు కావాలట. పై పెదవికీ ముక్కుకీ మధ్య ఇంకో చుక్క వరస ఎక్కడ దొరుకుతుందా అని తల బొమ్మలు మూడూ మళ్ళీ గీస్తోంది.