కొట్టిన నాణెం, పోసిన నాణెం

ఫ్లోరిడాలోని సెయింట్ అగస్టీన్‌లో స్పానిష్ వాళ్ల కోట చూసి బయటికొచ్చేసరికి అక్కకు కాళ్లనొప్పులు, నాకు ఆకలి. బావ కారు తెచ్చేలోపు నీడ కోసమని ఓ సావనీర్ల దుకాణంలో దూరాను. పళ్లెంలో గుట్టగా బంగారు నాణేలు. సిలువ గుర్తు, వంకర అంచులు, సందుల్లో నల్లటి మకిలి. ఎనిమిది ఎస్కుడోల (ఎస్కుడో అంటే పాతకాలపు స్పెయిన్ బంగారు నాణెం) నాణెం, 1715లో మునిగిన ఓడలదని చెప్పాడు అమ్మే కుర్రాడు. నలభై డాలర్లు. సర్టిఫికెట్ కూడా ఇస్తాడట.

నలభై డాలర్లకు అంత బంగారం రాదని ప్రొద్దుటూరు కంసాలి కొడుక్కి ఎవరూ చెప్పక్కర్లేదు. కానీ సెలవుల్లో బుర్రకూ సెలవే. ఆ పళ్లేనికో ఫొటో తీసుకుని మరీ కొన్నాను. కారెక్కాక సర్టిఫికెట్ చదివితే 'ఆథెంటిక్ రెప్లికా' అని ఉంది. అసలు సిసలైన నకిలీ అన్నమాట! బావ ఓర్లాండో చేరేదాకా నవ్వుతూనే ఉన్నాడు.

పంతం పట్టి మర్నాడు సెబాస్టియన్ దగ్గరి మెక్‌లార్టీ మ్యూజియానికి వెళ్లాం. చిన్నదే, గంటలో అయిపోతుంది. 1715 జూలై 24న హవానా నుంచి పన్నెండు ఓడలు స్పెయిన్‌కు బయల్దేరాయి, పదకొండు స్పెయిన్‌వి, ఒకటి ఫ్రెంచి వాళ్లది. యుద్ధం వల్ల సరుకు అక్కడే పేరుకుపోయింది, రాజుగారికి డబ్బు అర్జెంటు. వారం తిరక్కుండానే తుపాను. ఫ్రెంచి ఓడ ఒక్కటే తప్పించుకుంది. వెయ్యి మంది దాకా పోయారు. బతికి ఒడ్డుకు చేరినవాళ్లు డేరాలు వేసుకున్న చోటే ఈ మ్యూజియం. వెనక చెక్క మెట్లెక్కితే సముద్రం. ఇంత చక్కటి నీళ్లా అనిపించింది.

నా అసలు పని మాత్రం తిరుగు దారిలో అయింది. పాత నాణేలు కొని అమ్మే చిన్న కొట్టు కనిపిస్తే ఆపమన్నాను. నా నాణెం బల్ల మీద పెట్టగానే పెద్దాయన ముట్టుకోకుండానే నవ్వాడు. లోపలికెళ్లి మెక్సికో టంకశాలలో తయారైన రెండు ఎస్కుడోల నాణెం ఒకటి తెచ్చి నా అరచేతిలో పెట్టాడు.

నిజం చెప్పొద్దూ, చూడ్డానికి అదే నకిలీలా ఉంది. తళతళా పచ్చగా, నిన్న చేసినట్టు. వెండినైతే సముద్రం నల్లగా చేసి తినేస్తుంది గానీ బంగారం జోలికి పోదు. మూడు వందల ఏళ్ల తర్వాత తీసినా మెరుస్తూనే వస్తుంది. నా దాని మీద మకిలి నన్ను మోసం చెయ్యడానికి పూసిందే. నాణెం గుండ్రంగా లేదు. సిలువ ఒక పక్కకు జరిగిపోయింది. రాజు పేరులో సగం అక్షరాలు రేకు దాటిపోయాయి, తేదీ అసలే లేదు. చిన్న సున్నా కింద ఎం, దాని కింద జె మాత్రం స్పష్టంగా ఉన్నాయి. మొదటిది మెక్సికో గుర్తు, జె అంటే వన్నె చూసిన అధికారిది.

బంగారాన్ని రేకుగా సాగదీసి, ముక్కలు కోసి, రెండు ముద్రల మధ్య పెట్టి సుత్తితో కొట్టేవాళ్లు. బరువు ఎక్కువుంటే కత్తెరతో అంచు తీసేవాళ్లు. ఆకారం ఎలా పోయినా పర్లేదు, తూకం తప్పకూడదు. ఈ పద్ధతి నాకు కొత్త కాదు, నాయన కూడా ముందు తక్కెడనే చూస్తాడు, తర్వాతే నగను.

పెద్దాయన భూతద్దం ఇచ్చాడు. ఆయన నాణెం అంచున కత్తెర పడిన చోటు పదునుగా తెలుస్తోంది. నాది కొట్టింది కాదు, అచ్చులో పోసింది. దాని అంచు చుట్టూ సన్నటి గీత, అచ్చు రెండు సగాలూ కలిసిన అతుకు. సిలువ సందుల్లో సూదిమొనంత గుంటలు, పోతలో బుడగలు నిలిచిన జాడ. అమెరికాలో 1973 నుంచి చట్టం ఉందిట, నకలు మీద 'కాపీ' అని ముద్ర ఉండాలిట. నా దాని వెనక ఒక మూల ఆకురాయి గీతలున్నాయి. ఎవరు అరగదీశారో మరి! అప్పుడు ఫోన్లో పళ్లెం ఫొటో తీసి పెద్దది చేసి చూస్తే సిగ్గేసింది. మూడు నాణేలకు ఒకే చోట ఒకే నొక్కు. చేత్తో కొట్టినవి ఏ రెండూ అలా ఉండవు. పైగా అన్నిటి మీదా 1715 అని చక్కగా నిండుగా ఉంది.

రాత్రి బావ కాఫీ పొడి తూచే కాటా బయటికి తీశాం. అది గ్రాములో పదో వంతు దాకా చూపిస్తుంది. నాణెం 13.1 గ్రాములు. నిజమైన ఎనిమిది ఎస్కుడోలదైతే 27 ఉండాలి, అంటే మూడు కాసుల పైనే. కాటా మీద గ్లాసుడు నీళ్లు పెట్టి సున్నా చేసి, నాణేన్ని దారంతో అడుగు తగలకుండా ముంచాను. 1.5 చూపించింది, అంటే నాణెం పక్కకు తోసిన నీళ్ల బరువు. 13.1ని దాంతో భాగిస్తే నీళ్లకంటే ఎన్ని రెట్లు బరువో తెలుస్తుంది. తొమ్మిది లోపే. 22 క్యారెట్ల బంగారమైతే పదిహేడు దాటాలి. ఇత్తడి. ఫ్రిజ్ మీది అయస్కాంతం అంతకుముందే పెట్టి చూశాను గానీ, అది దేన్నీ తేల్చలేదు. ఇత్తడి కూడా అంటుకోదుగా.

నాయనకు వీడియో కాల్ చేశాను. ఇత్తడి సంగతి పట్టించుకోలేదు.

"అసలుది ఎన్ని గ్రాములుండె?"

"ఆరూ ముప్పావు. కాసు కూడా లేదు."

"ఎంత చెప్పినాడు?"

చెప్పాను. కాసేపు మాట్లాడలేదు.

"బంగారానికి అంత కాదు గదరా. మిగతా దుడ్డు దేనికంట?"

"సముద్రంలో మునిగినందుకు నాయనా."

"అట్లైతే మనమూ నాలుగు తొట్లో ఏసి పెడదాంలే," అని ఫోన్ అమ్మకిచ్చాడు.