తేలు కారు, బెజవాడ ఎండ

టర్బో కారుకి పికప్ పెరగాలంటే ముందు ఏ పార్ట్ వేయాలి అని అడిగేవాళ్లని నేను తిరిగి అడిగేది ఒకటే, నువ్వు బండి తిప్పేది ఏ ఊళ్లో? యూట్యూబ్‌లో మనం చూసే వీడియోలు చాలావరకు చలిదేశాల్లో, 98 ఆక్టేన్ పెట్రోల్ (వేడికి తొందరపడి అంటుకోని రకం) పోసుకుని తీసినవి. మనకేమో మే నెలలో మధ్యాహ్నం బెంజి సర్కిల్ దగ్గర 45 డిగ్రీలు. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు, ఇంక ఆ ఎండలో గాలిని పీల్చి, నొక్కి, ఇంకా వేడి చేసి ఇంజన్‌లోకి పంపే టర్బో సంగతి చెప్పాలా. అందుకే నా లెక్కలో బెజవాడ, గుంటూరు వాళ్లకి పార్టుల వరస వేరు. ముందు చల్లదనం, తర్వాత టైర్లూ బ్రేకులూ, ఆ తర్వాత లైట్లు, పవర్ అన్నిటికంటే చివర. సౌండ్ అయితే అసలు వరసలోనే లేదు.

నా దగ్గరున్నది సెకండ్ హ్యాండ్‌లో కొన్న ఫియట్ అబార్త్ పుంటో. 2015 అక్టోబర్‌లో ఢిల్లీ షోరూం ధర 9.95 లక్షలకి వచ్చింది. టీ-జెట్ అనే 1.4 లీటర్ల టర్బో ఇంజన్, 145 హార్స్‌పవర్, 212 న్యూటన్ మీటర్ల టార్క్ (చక్రాల్ని తిప్పే బలం), నాలుగు చక్రాలకీ డిస్క్ బ్రేకులు, సున్నా నుంచి వందకి 8.8 సెకన్లని కంపెనీ మాట. పది లక్షల్లోపు అప్పట్లో అంత పవర్ ఇంకెవరూ ఇవ్వలేదు. అయినా పెద్దగా అమ్ముడుపోలేదు, కొన్నేళ్లకి ఫియట్ కార్లే మన దేశంలో ఆగిపోయాయి, అదృష్టం కొద్దీ సెకండ్ హ్యాండ్ రేటు నాలాంటివాళ్లకి అందింది. ఇది స్పోర్ట్స్ కారా హ్యాచ్‌బ్యాకా అని వాదించేవాళ్లు ఒకసారి కాజ టోల్ గేటు దాటాక మూడో గేరులో నొక్కి చూసి అప్పుడు మాట్లాడండి.

కారు ఇంటికి తెచ్చిన రోజు మా అమ్మ "లక్షణంగా కారు కొని దాని మీద తేలు బొమ్మేంట్రా" అంది. అబార్త్ కంపెనీ పెట్టినాయన పేరు కార్లో అబార్త్, ఆయనది వృశ్చిక రాశి, అందుకే ఆ తేలు అని చెప్తే కాస్త మెత్తబడింది. ఆయన కథ మన సబ్జెక్టుకి బాగా దగ్గర. 1949లో ఇటలీలో కంపెనీ పెట్టి, పేరు సంపాదించిందే మామూలు ఫియట్ కార్లకి సైలెన్సర్లు, ట్యూనింగ్ కిట్లు అమ్మి. అంటే ఈ కారు పుట్టిందే బయటి పార్టులేసే వంశంలో. దానికి పార్టులు మార్చడం తప్పని నాకెవరైనా చెప్తే నేను వినను, కాకపోతే ఏది మార్చాలో చూసుకోవాలి.

ఇంటర్‌కూలర్ నుంచి మొదలుపెడతాను, ఎందుకంటే అందరూ వదిలేసేది దాన్నే. టర్బో గాలిని నొక్కుతుంది, నొక్కితే గాలి వేడెక్కుతుంది, సైకిల్ పంపు కొట్టేటప్పుడు గొట్టం కింద చెయ్యి పెడితే తెలిసే సంగతే. లెక్కేసి చూస్తే బయట 45 డిగ్రీలున్నప్పుడు ఒక బార్ బూస్ట్ (టర్బో అదనంగా పెంచే గాలి ఒత్తిడి) దగ్గర టర్బోలోంచి బయటికొచ్చే గాలి 140 డిగ్రీలు దాటుతుంది (టర్బోలో గాలిని నొక్కే కంప్రెసర్ సామర్థ్యం 70 శాతం అనుకుంటే). దాన్ని చల్లార్చాల్సింది ఇంటర్‌కూలరే. వేడిగాలి పలచగా ఉంటుంది, పైగా వేడికి పెట్రోల్ తన టైం రాకముందే అంటుకుంటుంది, దాన్నే నాకింగ్ అంటారు. నాకింగ్ వాసన తగలగానే ఈసీయూ, అంటే ఇంజన్‌ని నడిపే కంప్యూటర్, స్పార్క్ టైమింగ్ వెనక్కి లాగేస్తుంది, బూస్ట్ కూడా తగ్గిస్తుంది. అప్పుడు మీరు డబ్బు పోసి కొన్న హార్స్‌పవర్ కాగితం మీదే ఉంటుంది. ఏప్రిల్ మధ్యాహ్నం ట్రాఫిక్‌లో ఇరుక్కుని బయటపడిన కారు, అదే రాత్రి పదకొండింటికి ప్రకాశం బ్యారేజీ మీద గాలి పీల్చిన కారు, రెండూ ఒకటే కారంటే నమ్మబుద్ధి కాదు. కారు కంప్యూటర్ లెక్కల్ని చదివే ఓ చిన్న ఓబీడీ రీడర్ కొనుక్కుని ఇన్‌టేక్ టెంపరేచర్, అంటే ఇంజన్‌లోకి పోయే గాలి వేడి, ఫోన్‌లో చూసుకుంటే మీకే అర్థమవుతుంది, రీమ్యాప్ (ఈసీయూ సాఫ్ట్‌వేర్ మార్చి పవర్ పెంచడం) కంటే ముందు కొనాల్సిన వస్తువు అదే.

అలాగని ఎంత పెద్ద ఇంటర్‌కూలర్ దొరికితే అంత పెద్దది పెట్టేయడం కూడా కుదరదు. నేనొకటి మెయిల్ ఆర్డర్‌లో తెప్పించుకుని ఆటోనగర్‌లో రేడియేటర్ పని చేసే బాబాయ్ దగ్గరికి తీసుకెళ్తే, ఆయన దాన్ని చేత్తో అటూ ఇటూ తిప్పి చూసి, "అబ్బాయ్, ఇంత లావుది ముందు పెడితే వెనకున్న రేడియేటర్‌కి గాలి ఎట్టా తగులుద్ది? ఏసీ కండెన్సర్ ఏం గావాల?" అన్నాడు. యూట్యూబ్‌లో ఎవడూ చెప్పని మాట. సిగ్నల్ దగ్గర ఏసీ చల్లగా రాకపోతే ఇంట్లోవాళ్లు ఊరుకోరు, ఇంజన్ టెంపరేచర్ ముల్లు పైకి లేస్తే నాకు టెన్షన్. చివరికి ఆయనే మధ్య సైజుది చూసి పెట్టించి, బ్రాకెట్లు వేసి, చుట్టూ సందులన్నీ రేకుతో మూసేశాడు, లోపలికొచ్చిన గాలి పక్కలనుంచి తప్పించుకోకుండా ఇంటర్‌కూలర్ గుండానే పోవాలని. ఆ రేకు పని ఖర్చు తక్కువ, ఫలితం ఎక్కువ. పాత రబ్బరు హోస్‌లు తీసేసి సిలికాన్ హోస్‌లు, వాటికి గట్టి క్లాంపులు కూడా అప్పుడే వేయించుకోండి, మన వేడికి పాత రబ్బరు ఉబ్బుతుంది, ఎక్కడో చిన్న లీకుంటే బూస్ట్ అక్కడే పోతుంది.

ఎయిర్ ఫిల్టర్ గురించి రెండు ముక్కలు. బానెట్ తీయగానే కనిపించే కోన్ ఫిల్టర్ చూడ్డానికి బాగుంటుంది, సూ అని శబ్దమూ వస్తుంది, కాని అది పీల్చేది ఇంజన్ పక్కనున్న వేడిగాలి. మన దగ్గర దానికంటే కంపెనీ డబ్బాలోనే మంచి ప్యానెల్ ఫిల్టర్ వేసుకోవడం నయం. ఇసుక లారీల వెనక తిరిగేవాళ్లు దాన్ని తరచూ శుభ్రం చేసుకోవాలి, ఆయిల్ పూసే రకమైతే మోతాదు మించకూడదు.

టైర్లు, బ్రేకుల మీద ఎక్కువ రాయను. కంపెనీ సైజు 195/55 ఆర్16, అదే సైజులో మంచి గ్రిప్ ఉన్నవి వేసుకుంటే కారు సగం మారిపోతుంది, ఇంజన్ ముందు చక్రాల్నే తిప్పే కారుకి 212 న్యూటన్ మీటర్లు తడి రోడ్డు మీద తక్కువేం కాదు. బ్రేక్ ప్యాడ్లు మంచివి, కొత్త డాట్ 4 రకం బ్రేక్ ఫ్లూయిడ్, అంతే. కారుని కిందికి దించే లోయరింగ్ స్ప్రింగులు మాత్రం వద్దు. గ్రౌండ్ క్లియరెన్స్ అసలే 155 మిల్లీమీటర్లు, మన కాలనీల్లో ఎవరి గుమ్మం ముందు వాళ్లు పోయించుకున్న స్పీడ్ బ్రేకర్లు చూశారు కదా.

ఇక లైట్లు. పవర్ కంటే లైట్ల మీద పెట్టిన ఖర్చే నాకు ఎక్కువ పనికొచ్చింది, అందుకే కాస్త వివరంగా చెప్తాను. రాత్రిపూట హైదరాబాద్ రోడ్డు ఎక్కితే నందిగామ దాటాక వెనక లైటు లేని గడ్డి ట్రాక్టర్లు, రోడ్డంచున ఆపేసిన లారీలు, ఎదురుగా డిమ్ కొట్టడమనే అలవాటే లేని బస్సులు. సంక్రాంతి ముందు తెల్లవారుజామున పొగమంచు సరేసరి.

చాలామంది మొదట చేసేది కంపెనీ 55 వాట్ల బల్బు పీకి 100 వాట్లది పెట్టడం. దాంతో హోల్డర్ కరుగుతుంది, వైరు మాడుతుంది, రిఫ్లెక్టర్ పూత ఊడుతుంది, పైగా అది చట్టానికి విరుద్ధం. అసలు లోపం బల్బులో కాదు, వైరింగులో. ఇంజన్ ఆన్‌లో ఉన్నప్పుడు బ్యాటరీ దగ్గర మల్టీమీటర్ పెడితే నాకు 13.8 వోల్టులు, అదే బల్బు హోల్డర్ దగ్గర 12.4. సన్నటి వైర్లలో, స్విచ్చులో పోయిందంతా అది. హాలోజెన్ బల్బుకి పది శాతం వోల్టేజి తగ్గితే వెలుతురు ముప్పై శాతం దాకా పడిపోతుంది. బ్యాటరీ నుంచి నేరుగా లావు వైరు, మధ్యలో ఫ్యూజు, రెండు రిలేలు (చిన్న కరెంటుతో పెద్ద కరెంటుని ఆన్ చేసే స్విచ్చులు) పెట్టి విడిగా హార్నెస్, అంటే వైర్ల కట్ట, వేయిస్తే, పాత 55 వాట్ల బల్బే కొత్త బల్బులా వెలుగుతుంది. ఆటోనగర్‌లో లారీల ఎలక్ట్రీషియన్లకి ఇది కొత్త పని కాదు, అయితే కార్ల వైరింగ్ తెలిసినవాడి చేతే చేయించండి, కొన్ని కార్లలో హెడ్‌లైట్లని కంప్యూటరే నడుపుతుంది, ఎక్కడపడితే అక్కడ వైరు కోస్తే వార్నింగ్ లైట్ల తోరణం కడుతుంది.

రెండో రకం వాళ్లు హాలోజెన్ రిఫ్లెక్టర్‌లో ఎల్ఈడీ బల్బు దూర్చేవాళ్లు. డబ్బా మీద వెలుతురు ఇరవై వేల ల్యూమెన్లని రాసి ఉంటుంది, నమ్మకండి. రిఫ్లెక్టర్ గిన్నెని హాలోజెన్ ఫిలమెంట్ ఉండే చోటుకి, దాని ఆకారానికి లెక్కేసి చేస్తారు, ఎల్ఈడీ చిప్పులు పలక మీద రెండు వైపులా ఉంటాయి, వెలుతురు పుట్టే చోటు ఒక్క మిల్లీమీటరు అటూ ఇటూ అయినా కట్-ఆఫ్ గీత (వెలుతురు ఆగిపోయే పై అంచు) చెదిరిపోతుంది. కారు ముందు రోడ్డు తెల్లగా మెరుస్తుంది కాబట్టి డ్రైవర్‌కి బాగున్నట్టే ఉంటుంది, దూరం మాత్రం కనిపించదు, ఎదుటివాడికి కళ్లు పోతాయి. గుంటూరులో మా ఫ్రెండ్ ఒకడు ఇలాంటివే వేయించుకుని నన్ను చూడమన్నాడు. వాళ్ల అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో గోడకి పాతిక అడుగుల దూరంలో కారు పెట్టించి, ఈ బల్బు ఒక పక్క, పాత బల్బు ఒక పక్క వెలిగించి చూపించాను. వాడే మరుసటి రోజు తీయించేశాడు. ఆ గోడ పరీక్ష ఎవరైనా చేసుకోవచ్చు, ఖర్చు లేదు.

నిజంగా ఎల్ఈడీ కావాలంటే హెడ్‌ల్యాంప్ విప్పించి, డిమ్మూ బ్రైటూ రెండూ ఇచ్చే బై-ఎల్ఈడీ ప్రొజెక్టర్ పెట్టించడమే పద్ధతి, అందులో వెలుతురు పైకి పోకుండా లోపల షట్టర్ ఉంటుంది. కొనేటప్పుడు మనకి, అంటే ఎడమ పక్క నడిచే దేశానికి చేసినదేనా అని అడగండి. మన లైటు కట్-ఆఫ్ ఎడమ వైపు పైకి లేవాలి, రోడ్డంచున నడిచేవాళ్లు కనపడ్డానికి. యూరప్, చైనాల కోసం చేసింది పెడితే అది కుడి వైపు లేచి సరిగ్గా ఎదురొచ్చేవాడి మొహంలో కొడుతుంది. నాకు అమ్మబోయిన షాపతనికి ఈ తేడా ఉందనే తెలియదు, "అన్నీ ఒకటే సార్" అన్నాడు. విప్పిన హెడ్‌ల్యాంప్‌ని మళ్లీ సీలు సరిగా వేయకపోతే తొలి వానకే లోపల ఆవిరి పడుతుంది, అదొకటి చూసుకోవాలి. రంగు విషయానికొస్తే, 6000 కెల్విన్ దాటిన నీలిరంగు తెలుపు తడి తారు రోడ్డు మీద మాయమైపోతుంది. 4300 దరిదాపుల్లో ఉన్నది మేలు. నేను ఫాగ్ ల్యాంపుల్లో 3000 కెల్విన్ పసుపు వేశాను, పొగమంచులో కంటికి హాయిగా ఉంది.

చివరగా రీమ్యాప్. సెన్సర్ వైరు మధ్యలో తగిలించే చిన్న ట్యూనింగ్ బాక్సులు వద్దు, అవి బూస్ట్ తక్కువుందని ఈసీయూకి అబద్ధం చెప్పి పని జరిపించుకుంటాయి. నేను 165 హార్స్‌పవర్ దగ్గర ఆగే మెత్తటి మ్యాప్ వేయించుకున్నాను, ఎక్కువ ఇస్తానని ట్యూనర్ అన్నా ఎండాకాలాన్ని తలుచుకుని వద్దన్నాను. టార్క్ పెంచితే తర్వాత జారేది క్లచ్, ఈ కారుకి స్పేర్లు దొరికించుకోవడం అంత తేలిక కాదు. మ్యాప్‌కి ముందు స్పార్క్ ప్లగ్గులు, టైమింగ్ బెల్టు, 5డబ్ల్యూ-40 ఫుల్ సింథటిక్ ఆయిల్ కొత్తవి ఉండాలి. పెట్రోల్ 95 ఆక్టేన్‌కి తగ్గకుండా పోస్తాను. హైవే మీద గట్టిగా తోలి ఇంటికొచ్చాక ఒక నిమిషం ఐడిల్‌లో ఉంచి ఆపితే టర్బో బేరింగ్‌లో ఆయిల్ మాడదు.

టర్బోలో మిగిలిన గాలిని బయటికి వదిలే బ్లో-ఆఫ్ వాల్వు శబ్దం సరదా కోసమే, దానివల్ల ఒక్క హార్స్‌పవర్ కూడా రాదు. పొగలో విషవాయువుల్ని తగ్గించే క్యాటలిటిక్ కన్వర్టర్ పీకేసి స్ట్రెయిట్ పైపు వేయడం నేను చేయలేదు, చేయను. పోలీసులు మోడిఫైడ్ సైలెన్సర్లని రోడ్డు రోలర్ కింద వేయించే వార్తలు మీరూ చూసే ఉంటారు. కంపెనీ స్పెసిఫికేషన్‌కి విరుద్ధంగా బండి మార్చకూడదని 2019 జనవరిలో సుప్రీంకోర్టు చెప్పింది, అదే ఏడాది మోటారు వాహనాల చట్టంలో చేసిన సవరణతో అనుమతి లేని ఒక్కో మార్పుకీ అయిదు వేల జరిమానా, లేదా ఆరు నెలల దాకా జైలు. రీమ్యాప్ కూడా ఆ కోవలోకే వస్తుంది, కంటికి కనపడదు కాబట్టి చట్టబద్ధం అనుకోకండి. ఇన్సూరెన్స్ వాళ్లకి చెప్పకుండా దాస్తే క్లెయిమ్ టైంలో వాళ్లకి సాకు దొరుకుతుంది, ఏమేం వేశారో ముందే రాసిచ్చి ప్రీమియం ఎక్కువైనా కట్టేయండి. బిల్లులన్నీ ఫైల్లో పెట్టుకోండి, తీసిన కంపెనీ పార్టులు అమ్మేయకుండా అటక మీద దాచండి, కారు అమ్మేటప్పుడు కొనేవాడు మొదట అడిగేది వాటినే.