రాళ్ళ మధ్య, ఎండలో ఫెర్న్

ఫెర్న్ అంటే నీడ, తేమ అనుకునేదాన్ని. ఆస్టిన్‌లో మా పెరటి సున్నపురాళ్ళ మధ్య ఆస్ట్రోలెపిస్ సిన్యువాటా అనే ఫెర్న్ నాటాక ఆ అభిప్రాయం పోయింది. టెక్సస్ రాతినేలల్లో సహజంగా పెరిగే మొక్కే ఇది. ఏడాది పొడవునా ఆకు నిలుస్తుంది. ఆకు అడుగున సన్నటి పొలుసులు దట్టంగా ఉంటాయి: లేతప్పుడు తెల్లగా, ముదిరాక తుప్పురంగులో. వాన లేకపోతే ఆకు ముడుచుకుని, నీరు ఆవిరైపోకుండా ఆ పొలుసుల వైపునే ఎండకి పెడుతుంది. మొదటి ఆగస్టులో చచ్చిపోయిందని పీకబోయాను. వాన పడ్డ మర్నాటికి విచ్చుకుంది!

దీన్ని చంపేది వేళ్ళ దగ్గర నిలిచే నీరు. మామూలు కుండీమట్టిలో పెట్టిన మొదటి మొక్క అలాగే కుళ్ళిపోయింది. ఇప్పుడు సగానికి పైగా గులకరాళ్ళే కలుపుతాను. మొక్క మొదలుని మట్టిలో పూడ్చను, వేళ్ళు మాత్రం పెద్ద రాయి కింది చల్లదనంలోకి పాకేలా నాటతాను. నాటిన తొలి వేసవి వారానికోసారి నీళ్ళు తప్పవు.

నల్గొండ దగ్గర మా ఊరి గుట్ట మీద, బండ సందుల్లో మయూరశిఖ అనే చిన్న ఫెర్న్ కూడా ఇలాగే ఎండి ముడుచుకుని, తొలకరికి పచ్చబడేది. అమ్మమ్మ దాన్ని తొక్కనిచ్చేది కాదు.