లాటరీ తగలని పిల్లల సంగతి?

న్యూయార్క్‌లో చార్టర్ స్కూల్ అంటే ప్రభుత్వ డబ్బుతో, సొంత యాజమాన్యం కింద నడిచే ఫీజు లేని బడి, కానీ సీట్లకు మించి అప్లికేషన్లు వస్తే లాటరీ తీస్తారు. పక్కింటి పాపకి తగిలింది, మా చెల్లెలి కొడుక్కి తగల్లేదు. సాయంత్రాలు ఇద్దరికీ లెక్కలు నేనే చెబుతాను. భిన్నాల కూడికలో పాప తప్పు చేస్తే, మర్నాటికల్లా టీచర్ సరిగ్గా ఆ మెట్టు మీదే కొత్త లెక్కలు రాసిస్తుంది. మావాడి పేపర్ ఎప్పటికో వస్తుంది, అదీ ఉత్త మార్కుతో.

ఈ నగరపు చార్టర్ స్కూళ్లపై ఆర్థికవేత్తలు డాబీ, ఫ్రయర్ 2013లో ప్రచురించిన అధ్యయనం చదివాను. క్లాసులో పిల్లలు తక్కువుండటానికీ, ఖర్చు ఎక్కువ పెట్టడానికీ మంచి ఫలితాలతో సంబంధం లేదట. టీచర్లకు తరచూ సలహాలు, చిన్న గుంపులకు ట్యూషన్, ఎక్కువ బోధనా సమయం, పిల్లలపై గట్టి నమ్మకం ఉన్నచోటే ఫలితాలు బాగున్నాయి. వీటికి లాటరీ ఎందుకు? మావాడి బడిలోనూ చేయొచ్చు. ఈసారి పేరెంట్స్ మీటింగులో ట్యూషన్ గురించే ముందు అడుగుతాను.