పాతిక కీలు సరిపోతాయా? మిడి కీబోర్డ్ కొన్న నా అనుభవం

కంప్యూటర్‌కు తగిలించి సంగీతం చేసుకునే మిడి కీబోర్డ్ ఏది కొనాలని నన్ను ఎవరైనా అడిగితే, "ఏం పాట చేద్దామనుకుంటున్నావ్?" అని ముందు అడుగుతాను. నేను కొనే రోజుల్లో నన్ను ఆ మాట అడిగినవాళ్లు లేరు. అందరూ కీలెన్ని, ధరెంత అన్న దగ్గరే ఆగిపోయారు. నాకు కావాల్సింది మా అత్త పాడే బతుకమ్మ పాటలకు, మా బావ కొట్టే డప్పుకు పనికొచ్చేది. ఆ రెండూ మనసులో పెట్టుకుని వెతకడం మొదలుపెట్టాకే ఏది అవసరం, ఏది అక్కర్లేదు అన్నది తేలింది.

నేను నల్గొండలో ఒక డీటీపీ సెంటర్‌లో పనిచేస్తాను. మా మేనత్తది నల్గొండ పక్కనున్న పానగల్. ఆమెకు వచ్చిన పాటలు ఎక్కడా రాసి లేవు, ఆమె గొంతులోనే ఉన్నాయి. మా ఊళ్ల వైపు ఫోక్ సాంగ్ అంటే ఇప్పుడు స్టూడియోకు వెళ్లి, అక్కడున్న రెడీమేడ్ లూప్ (తిరిగి తిరిగి వచ్చే బీట్ ముక్క) మీద పాడి రావడమే. అలా చేసిన పాటలు వింటే బీట్ గట్టిగా ఉంటుంది కానీ పాట నడక మారిపోయి ఉంటుంది. అత్త పాటను ఆమె నడకలోనే ఉంచి, దాని కింద నాకు నచ్చిన సంగీతం ఇంట్లోనే వేసుకోవాలన్నది నా కోరిక. చేతిలో పాత ఐ3 ల్యాప్‌టాప్ ఉంది. అన్నీ కలిపి పదివేలు దాటొద్దనుకున్నాను.

మొదట అర్థం చేసుకోవాల్సింది, మిడి కీబోర్డ్ తనంతట తాను పాడదు. లోపల స్పీకర్ లేదు, నాదం లేదు. కీ నొక్కితే అది కంప్యూటర్‌కు పంపేది సమాచారం మాత్రమే: ఏ స్వరం, ఎంత గట్టిగా నొక్కారు, ఎప్పుడు వదిలారు. స్వరాలకు 0 నుంచి 127 వరకు నంబర్లు, మధ్య స్థాయి సి స్వరానికి 60. నొక్కిన బలానికి కూడా 127 వరకే లెక్క. ఆ నంబర్లను వీణగానో, వేణువుగానో, డప్పుగానో వినిపించే పని సాఫ్ట్‌వేర్‌ది. అంటే ఖరీదైన కీబోర్డ్ కొంటే నాదం బాగుంటుందన్నది నిజం కాదు. రెండు వేలదైనా ఇరవై వేలదైనా 60 అంటే 60 అనే పంపుతుంది. తేడా ఉండేది కీల స్పర్శలో, పక్కనుండే ప్యాడ్లలో (వేళ్లతో కొట్టే రబ్బరు గళ్లు), తిప్పే నాబ్‌లలో.

మిడి అనే ఈ పద్ధతి 1983లో వచ్చింది. ఆ ఏడాది జనవరిలో అమెరికాలో జరిగిన నామ్ సంగీత పరికరాల ప్రదర్శనలో సీక్వెన్షియల్ సర్క్యూట్స్ వాళ్ల సింథసైజర్‌ను (ఎలక్ట్రానిక్‌గా నాదం పుట్టించే వాయిద్యం), రోలాండ్ వాళ్ల సింథసైజర్‌ను వైరుతో కలిపి, ఒకదాని కీలు నొక్కితే రెండోది పలికేలా చేసి చూపించారు. పోటీ కంపెనీల యంత్రాలు ఒకే భాష మాట్లాడటం అప్పుడు పెద్ద సంగతి. దీని వెనుక ఉన్న సీక్వెన్షియల్ డేవ్ స్మిత్‌కు, రోలాండ్ ఇకుతారో కాకెహాషికి 2013లో టెక్నికల్ గ్రామీ అవార్డు ఇచ్చారు. నాలాంటివాడికి దాని లాభం ఈ రోజుకూ అందుతోంది. ఏ కంపెనీ కీబోర్డ్ కొన్నా ఏ సాఫ్ట్‌వేర్‌తోనైనా పనిచేస్తుంది. ఈ రోజు చిన్నది కొని, రేపు పెద్దది తీసుకున్నా చేసిన పని వృథా కాదు.

కొనే ముందు ఇంకో సంగతి చూసుకోవాలి. మా దిక్కు ఏ కంపెనీ కీబోర్డ్‌నైనా క్యాషియో అనే అంటారు. చర్చిలో వాయించేదో, పిల్లల కోసం కొని అటక మీద పెట్టిందో తెలిసినవాళ్ల ఇంట్లో ఒకటి ఉంటుంది. దాని వెనక చతురస్రంగా ఉన్న యూఎస్‌బీ పోర్ట్, దాని పక్కన 'యూఎస్‌బీ టు హోస్ట్' అన్న అక్షరాలు కనిపిస్తే అదే మిడి కీబోర్డ్‌గా పనికొస్తుంది, కొత్తది కొననక్కర్లేదు. బొమ్మ సైజు మోడళ్లలో చాలావాటికి ఆ పోర్ట్ ఉండదు. మా స్నేహితుడి దగ్గర ఉన్న 61 కీలదానికి ఉంది, కొన్నాళ్లు దాంతోనే నేర్చుకున్నాను. కానీ అది బల్లంతా ఆక్రమిస్తుంది, పానగల్‌కు బండి మీద తీసుకెళ్లడం కుదరదు. అత్త పాడేది వంటింటి గడప దగ్గర కూర్చుని. నా సామాను అక్కడికి రావాలి.

అలా చిన్నవాటి మీదికి దృష్టి పోయింది. పాతిక కీలంటే రెండు స్థాయిలు (ఒక్కో స్థాయికి పన్నెండు కీలు), పైన ఒక స్వరం. "అంత తక్కువా? కనీసం 49 తీసుకో తమ్మీ" అని చాలామంది అన్నారు. పియానో నేర్చుకునేవాళ్లకు ఆ మాట సరైనదే. రెండు చేతులూ పెట్టాలంటే 49 కీలు కావాలి, అవి కూడా పూర్తి సైజువి. అలాంటివాళ్లకు నెక్టార్ ఎస్ఈ49 లాంటిది మంచి దారి. నా ఆలోచన వేరు. హార్మోనియం వాయించేవాళ్లను చూడండి: ఎడమ చెయ్యి బెల్లో మీద, కుడి చెయ్యి ఒక్కటే కీల మీద. భజనల్లో, బాగోతాల్లో మనవాళ్లు ఆ ఒక్క చేత్తోనే రాత్రంతా వాయిస్తారు. మా అత్త పాటలు చాలావరకు ఒక స్థాయి దాటవు. స్థాయి మార్చాలంటే ఆక్టేవ్ బటన్ ఉంటుంది. కాబట్టి నా పనికి పాతిక చాలు. మినీ కీలు వేలికి ఇరుకుగా ఉంటాయన్నది మాత్రం నిజం. లావు వేళ్లవాళ్లు నొక్కి చూడకుండా కొనొద్దు.

కీల సంఖ్య కంటే నన్ను ఎక్కువ ఆలోచింపజేసినవి ప్యాడ్లు. డప్పు వినడానికి ఒకటే దరువులా అనిపిస్తుంది కానీ దానిలో చాలా పలుకులున్నాయి. కుడిచేతి సిర్ర (కొట్టే కట్టె) నడుమ పడితే ఒక పలుకు, అంచున పడితే ఇంకొకటి. ఎడమచేతి సిటికెన పుల్ల సన్నగా, వడిగా వేసే దెబ్బలు వేరే. మంట దగ్గర కాచక ముందు, కాచిన తర్వాత నాదం మారిపోతుంది. వీటిని కీల మీద వాయిస్తే చేతికి ఆ ఊపు రాదు. రబ్బరు ప్యాడ్ మీద రెండు వేళ్లతో కొడితే కొంత వస్తుంది. బావతో ఒక్కో దెబ్బ విడివిడిగా కొట్టించి, మెల్లగా ఒకసారి, గట్టిగా ఒకసారి ఫోన్‌లో రికార్డ్ చేసి, ఒక్కో ప్యాడ్‌కు ఒక్కోటి పెట్టాలన్నది నా ప్లాన్. అందుకే ప్యాడ్లు లేనివి పక్కన పెట్టేశాను. అకాయ్ ఎల్‌పీకే25 చవక, చిన్న సంచిలో పడుతుంది, ట్యూన్లు కట్టుకోవడానికి చాలు. కానీ దానికి ప్యాడ్లు లేవు, స్వరాన్ని వంచే పిచ్ బెండ్ చక్రం లేదు.

పిచ్ బెండ్ నాకు రెండో షరతు. మన పాటలో స్వరం మెట్టు మెట్టుగా నడవదు, జారుతుంది. నాగర్‌కర్నూల్ వైపు పన్నెండు మెట్ల కిన్నెర వాయించే దర్శనం మొగిలయ్యకు 2022లో పద్మశ్రీ వచ్చింది. అలాంటి తీగ నాదం విన్న చెవికి, కీ మీద కీ నొక్కిన స్వరాలు ఎండిపోయినట్టు వినిపిస్తాయి. స్వరం పలుకుతుండగా మెల్లగా పైకో కిందికో లాగే వీలుండాలి. కొన్నింటికి దీనికోసం బటన్లు ఇస్తారు. బటన్‌తో వంపు మీద వేలికి పట్టు ఉండదు. చక్రమో, జాయ్‌స్టిక్కో, వేలితో జరిపే పట్టీయో ఉంటే ఎంత వంచాలో మన చేతిలో ఉంటుంది. మామూలుగా సాఫ్ట్‌వేర్‌లో ఈ వంపు అటు రెండు, ఇటు రెండు అర్ధస్వరాల వరకు (అర్ధస్వరం అంటే పక్క కీ అంత దూరం) ఉంటుంది. కావాలంటే పెంచుకోవచ్చు.

చివరికి మూడు మిగిలాయి: అకాయ్ ఎంపీకే మినీ ఎంకే3, ఆర్టూరియా మినీల్యాబ్ 3, నోవేషన్ లాంచ్‌కీ మినీ ఎంకే3. మూడింటికీ పాతిక మినీ కీలే. అకాయ్‌కు ఎనిమిది ప్యాడ్లు, బటన్‌తో బ్యాంక్ (ప్యాడ్లకు పెట్టిన పలుకుల వరుస) మారిస్తే పదహారు పలుకులు, వంపుకు జాయ్‌స్టిక్. ఆర్టూరియాకు ఎనిమిది ప్యాడ్లతో పాటు నాలుగు ఫేడర్లు (పైకీ కిందికీ జరిపే మీటలు), వంపుకు టచ్ పట్టీ. నోవేషన్‌కు పదహారు ప్యాడ్లు, అదీ ఏబుల్టన్ లైవ్ అనే సంగీత సాఫ్ట్‌వేర్‌తో పనిచేసేవాళ్లకు బాగా కుదిరేలా చేసింది. నేను వెతికినప్పుడు ఇవి ఎనిమిది నుంచి పదకొండు వేల మధ్య కనిపించాయి.

నల్గొండలో వీటిని పట్టుకుని చూసే దుకాణం నాకు దొరకలేదు. హైదరాబాద్‌లో ఎంజీబీఎస్ బస్టాండ్ దాకా బస్సు, అక్కడి నుంచి మెట్రో గ్రీన్ లైన్‌లో సికింద్రాబాద్. మొదట వెళ్లిన దుకాణంలో డబ్బా తెరవనివ్వలేదు. రెండో దాంట్లో కౌంటర్ మీద ఉన్న పెద్దాయన ల్యాప్‌టాప్‌కు పెట్టి మరీ చూపించాడు. అక్కడున్న రెండు మోడళ్ల ప్యాడ్ల మీద సిటికెన పుల్ల దరువు వేసి చూశాను. వేగంగా, మెత్తగా తట్టినా ప్రతి దెబ్బ పలకాలి, మెత్తనిది మెత్తగానే వినిపించాలి. ఈ పరీక్ష వీడియోలు చూస్తే తేలేది కాదు. నా వేళ్లకు కుదిరింది అకాయ్. ఇంకొకరి వేళ్లకు ఇంకొకటి కుదరొచ్చు. సెకండ్ హ్యాండ్‌వి కూడా అడిగాను. వాటితో ఒక జాగ్రత్త: కీబోర్డ్‌తో ఉచితంగా వచ్చే సాఫ్ట్‌వేర్ కోడ్‌ను మొదటి యజమాని వాడేసి ఉంటే మనకు దక్కకపోవచ్చు. ధర మాట్లాడేటప్పుడు అది అడగాలి.

నేను తీసుకున్నదాని పోర్ట్ ప్రింటర్ కేబుల్ పట్టే పోర్టే. మా డీటీపీ సెంటర్‌లో అవి కట్టలుగా ఉన్నాయి, కేబుల్ పాడవుతుందన్న టెన్షన్ లేదు. కరెంటు కూడా ఆ కేబుల్ నుంచే తీసుకుంటుంది. కరెంటు పోయినా ల్యాప్‌టాప్ బ్యాటరీ ఉన్నంతసేపు నడుస్తుంది.

ఇంటికి తెచ్చాక అందరికీ ఎదురయ్యే ఇబ్బంది ఆలస్యం. కీ నొక్కాక కొంచెం ఆగి నాదం వస్తుంది. కీబోర్డ్ పాడైందని చాలామంది తిరిగి ఇచ్చేస్తారు, కానీ ఆ ఆలస్యం కంప్యూటర్ లోపల పుడుతుంది. విండోస్‌లో ఏషియో4ఆల్ అనే ఉచిత డ్రైవర్ వేసుకుని, బఫర్ సైజు (కంప్యూటర్ ఒక్కోసారి పోగేసుకునే నాదం ముక్క, శాంపిళ్లలో లెక్క) తగ్గించాలి. సెకనుకు 44,100 శాంపిళ్ల లెక్కన 1,024 బఫర్ అంటే సుమారు 23 మిల్లీసెకన్లు, 256 అంటే ఆరు లోపు. మరీ తగ్గిస్తే పాత ల్యాప్‌టాప్ తట్టుకోలేక చిటపటలాడుతుంది. నాది 256 దగ్గర నిలబడింది. బ్లూటూత్ ఇయర్‌ఫోన్లు మాత్రం ఈ పనికి వద్దు. వాటి ఆలస్యాన్ని ఏ సెట్టింగూ తీయలేదు. మిగిలిన డబ్బుతో వైరున్న హెడ్‌ఫోన్లు కొన్నాను. పాట రికార్డ్ చేసి కూర్చడానికి వాడే సాఫ్ట్‌వేర్ రీపర్. అది 60 రోజులు పూర్తిగా వాడి చూడనిస్తుంది, తర్వాత చిన్న లైసెన్స్ 60 డాలర్లు.

పానగల్‌కు తీసుకెళ్లి పెడితే అత్త ఒక కీ నొక్కి, "చప్పుడేది బిడ్డా?" అంది. ల్యాప్‌టాప్ తెరిచి, హెడ్‌ఫోన్లు చెవులకు పెట్టి మళ్లీ నొక్కమన్నాను. "గిది నీ డబ్బాల కెళ్లి వస్తున్నదా!" అని చాలాసేపు వదల్లేదు.

పాట దగ్గరికి వచ్చేసరికి రెండు పనులు పడ్డాయి. అత్తకు శ్రుతి పెట్టె అలవాటు లేదు, గొంతు ఎక్కడ కుదిరితే అక్కడ ఎత్తుకుంటుంది. ఆమె షడ్జం ఏ కీకీ సరిగ్గా కలవలేదు, రెండు కీల నడుమ పడింది. ఆమెను మార్చమనే ప్రసక్తే లేదు కదా. సాఫ్ట్‌వేర్‌లో వాయిద్యాన్నే కదిపాను. పక్కపక్కనున్న రెండు కీల మధ్య దూరాన్ని నూరు సెంట్లుగా లెక్కేస్తారు. ఫైన్ ట్యూన్‌లో కొన్ని సెంట్లు పైకి జరిపితే ఆమె గొంతుతో కలిసింది. ఇక స్వరాలన్నిటినీ ఒకేసారి పైకో కిందికో జరిపే ట్రాన్స్‌పోజ్‌తో నాకు తెలిసిన కీల మీదే ఆమె శ్రుతిలో వాయించగలిగాను.

రెండోది లయ. రీపర్ తెరిస్తే నాలుగు లెక్కలో, నిమిషానికి 120 వేగంతో వస్తుంది. అత్త పాట తకిట తకిట అని ఆరు లెక్కలో నడుస్తుంది. ఆ నాలుగు లెక్కలోనే ఉంచి, ప్యాడ్ల మీద కొట్టినదాన్ని క్వాంటైజ్ చేస్తే (ప్రతి దెబ్బనూ సాఫ్ట్‌వేర్ దగ్గరి లెక్క మీదికి జరిపితే) డప్పు మార్చ్‌పాస్ట్ అయిపోతుంది. కాబట్టి ముందు 6/8 పెట్టాలి. టిక్ టిక్ వింటూ అత్త పాడలేదు, పాడమనీ అనలేదు. ఆమె చప్పట్లతో పాడింది ముందు రికార్డ్ చేసి, ఆ చప్పట్లకు టెంపో కట్టి, దాని మీద బావ దెబ్బలను ప్యాడ్లతో వేశాను. క్వాంటైజ్‌ను సగం బలం మీద మాత్రమే ఉంచాను. బావ విని, "అంచు దెబ్బ జర ముందుకొచ్చింది" అన్నాడు. ఆ ఒక్క ప్యాడ్‌ను చేత్తో మళ్లీ కొట్టాను, అప్పుడు ఒప్పుకున్నాడు.

ఇప్పటికి మూడు పాటలు పూర్తయ్యాయి. ఫోన్‌తో తీసిన అత్త గొంతులో వంటింటి గోడల మోత వినిపిస్తోంది. కాబట్టి తర్వాతి డబ్బులు పెద్ద కీబోర్డ్‌కు కాదు, మైక్‌కు పోతాయి.