గడియారాల ముందరి గీతలు

మా బాపు దగ్గర ఇంగ్లీషు రికార్డు ఒక్కటే ఉండేది. పింక్ ఫ్లాయిడ్ అనే రాక్ బ్యాండు వాళ్ల 'ది డార్క్ సైడ్ ఆఫ్ ది మూన్', 1973లో వచ్చినది. కాజీపేట రైల్వే కాలనీలో మా వెనక ఉండే ఆంగ్లో ఇండియన్ గార్డు గారి కుటుంబం ఆస్ట్రేలియా వెళ్లిపోతూ బాపుకి ఇచ్చింది. నల్లటి అట్ట మీద పట్టకం, అందులోంచి విడిపోయే రంగులు. "ఇంద్రధనుస్సుకి ఏడు కదా, ఇక్కడ ఆరే ఉన్నయేంది?" అని బాపుతో కొట్లాడేదాన్ని. లెక్కపెట్టి చూడండి, నిజంగా ఆరే.

మొన్న దసరాకి హన్మకొండ ఇంటికి వెళ్తే అటక మీద రికార్డులు వేసుకునే టర్న్‌టేబుల్ దొరికింది. బెల్టు సాగిపోయింది, ముల్లు అరిగిపోయింది. రెండూ కొత్తవి తెప్పించి వేశాను. రికార్డుని తడిగుడ్డతో గాడుల వెంబడే గుండ్రంగా తుడుస్తుంటే మొదటి వైపు ఒకచోట సన్నటి గీతలు గుంపుగా కనిపించాయి. మిగతాదంతా అద్దంలా ఉంది. సరిగ్గా 'టైమ్' పాట మొదలయ్యే చోటే ఎందుకు?

ఆ పాటకి ముందు గడియారాలన్నీ ఒక్కసారిగా మోగుతాయి. సౌండ్ ఇంజనీర్ అలాన్ పార్సన్స్ గడియారాల దుకాణానికి వెళ్లి, ఒక్కోదాన్ని విడివిడిగా రికార్డు చేసి తెచ్చిన చప్పుడది. కాలేజీలో మొదటిసారి విని ఉలిక్కిపడ్డాను. మా ఇంట్లో అవి ఎప్పుడూ మోగలేదు! మాది వేరే రికార్డింగ్ అనుకున్నాను ఇన్నాళ్లూ.

అమ్మే చెప్పింది. "పక్క క్వార్టర్ల డ్రైవర్ మామ రాత్రంతా బండి నడిపి పగలు పడుకునేటోడు. నడుమ గోడ ఒక్కటే. గా గంటలకు పాపం ఉలిక్కిపడి లేస్తడని మీ బాపు ముల్లు లేపేటోడు."

లేపి, తర్వాత వచ్చే డ్రమ్ముల దగ్గర దించేవాడన్నమాట. విన్న ప్రతిసారీ. ఈ ఆల్బం కొత్త కాపీలు ఇప్పుడూ దొరుకుతాయి, ఇంతకంటే శుభ్రంగా వినిపిస్తాయి కూడా. నాకు మాత్రం ఈ గీతలున్నదే కావాలి.

సాయంత్రం బాపుని కూర్చోబెట్టి వేశాను. గుండె చప్పుడు, మొదటి పాట, పరుగెత్తే అడుగులు, పేలుడు. బాపు చెయ్యి కుర్చీ మీద నుంచి లేచింది.

"ఉండనియ్యి బాపూ. పక్కన ఎవరూ పడుకోలే."

గీతల మీద ముల్లు చిటపటలాడింది. వెంటనే గడియారాలన్నీ మోగాయి. బాపు గోడ వైపు చూశాడు.