ముదురు నీలం స్విఫ్ట్‌కు సెల్లార్‌లోనే పాలిష్: ఎంత అరగదీశాం, ఎక్కడ ఆపాం

బండి 2014 నాటి స్విఫ్ట్, ముదురు నీలం. బెంగళూరులో మారతహళ్లి వైపు ఒక అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో ఉంటుంది. ట్యూబ్‌లైట్ కింద చూస్తే ఒళ్లంతా సాలెగూడు గీతలు, అద్దాల కింద బోరు నీటి మచ్చలు, రూఫ్ మీద శ్లాబు నుంచి కారిన సున్నం చుక్కలు. గీతలు ఎలా వచ్చాయో వెతకనక్కర్లేదు. ఒకే బకెట్, ఒకే గుడ్డతో పది బండ్లు తుడిస్తే మొదటి బండి మీది ఇసుక పదో బండిని గీస్తుంది.

ముందు మందం లెక్క చూడాలి. ఫ్యాక్టరీ పెయింట్ మొత్తం 100 మైక్రాన్లకు (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) కాస్త అటూ ఇటూ ఉంటుంది, అందులో రంగు పైనున్న పారదర్శక పొర, అంటే క్లియర్ కోట్, 35 నుంచి 50. పాలిష్ చేస్తే గీత పూడదు. గీత చుట్టూ ఉన్న క్లియర్ గీత అడుగు దాకా దిగుతుంది, అంతే. దిగింది మళ్లీ రాదు. క్లియర్ బాగా పలచబడిన రూఫ్, బానెట్ కొన్ని ఎండాకాలాలకే పాలిపోయి పొలుసులు లేస్తాయి, ఆ తర్వాత రీపెయింట్ తప్ప దారి లేదు. కాబట్టి ఈ బండికి పెట్టుకున్న హద్దు: దూరం నుంచి కనబడే గీతలు పోవాలి, గోరు అడ్డుపడే గీతలు అలాగే ఉండిపోవాలి.

పెయింట్ మందం చూపే చవక గేజ్‌తో కొలిస్తే బానెట్ 98–106 మైక్రాన్లు, రూఫ్ 102, కుడి తలుపులు 95–110. ఎడమ వెనక తలుపు 230 దాటింది, అంటే ఎప్పుడో రీపెయింట్ అయింది. 500 దాటితే కింద పుట్టీ ఉందని అనుమానించాలి. ఈ రకం గేజ్ ఇనుప రేకు మీదే పనిచేస్తుంది, ప్లాస్టిక్ బంపర్ల మీద అంకె రాదు. బంపర్లకు అందుకే మెత్త ప్యాడ్ తప్ప వాడలేదు.

సామాను

15 మి.మీ. త్రో (ప్యాడ్ ఊగే వెడల్పు) ఉన్న డ్యూయల్ యాక్షన్ మెషిన్, అంటే ప్యాడ్ తిరుగుతూనే ఊగే పాలిషర్, 900 వాట్లు, ప్యాడ్ అతికే ఐదంగుళాల బ్యాకింగ్ ప్లేటు, ఐదున్నర వేలు. నాలుగు ఆంపియర్లే లాగుతుంది కనుక మామూలు 5 ఆంప్ ప్లగ్గు చాలు. మీడియం ఫోమ్ ప్యాడ్లు నాలుగు, మెత్తవి రెండు, కటింగ్ కాంపౌండ్ ఒకటి, ఫినిషింగ్ పాలిష్ ఒకటి, పెయింట్‌కు పట్టిన మురికిని లాగే క్లే బార్ (బంకమన్ను లాంటి ముద్ద), మైక్రోఫైబర్ గుడ్డలు డజను. మాస్కింగ్ టేపు జేసీ రోడ్డులో పెయింట్ సామాన్లు అమ్మే ఏ కొట్టులోనైనా దొరుకుతుంది. మొత్తం పది వేల లోపే.

ఇంట్లో ఉన్న యాంగిల్ గ్రైండర్‌కే ఫోమ్ ప్యాడ్ తగిలిస్తే పోలా అని చాలామంది అడుగుతారు. పోదు. నాలుగంగుళాల గ్రైండర్ దాదాపు 11,000 ఆర్‌పీఎం తిరుగుతుంది, ఊగకుండా గుండ్రంగా మాత్రమే తిరిగే రోటరీ పాలిషింగ్‌కు 1,000–2,000 చాలు. ఆ వేగంలో బానెట్ అంచు మీద ఒక్క క్షణం ఆగినా క్లియర్ కాలిపోయి కింది రంగు బయటపడుతుంది. డ్యూయల్ యాక్షన్‌లో ప్యాడ్ మీద బరువు ఎక్కువైతే తిరగడమే మానేస్తుంది. కొత్తవాళ్లకు అదే రక్ష.

కడగడం, క్లే

2024 మార్చిలో బెంగళూరు జలమండలి తాగునీటితో బండ్లు కడగొద్దని, కడిగితే 5,000 రూపాయల జరిమానా అని ప్రకటించినప్పటి నుంచి పైపు పట్టుకునే అలవాటు చాలాచోట్ల తగ్గింది. మళ్లీ నీళ్లు పోసి కడగనక్కర్లేని రిన్స్‌లెస్ వాష్ ద్రవం కలిపిన ఒక్క బకెట్‌తో పని అయిపోతుంది. గుడ్డలు నాలుగైదు ముందే నానబెట్టుకోవాలి, ఒక్కో ప్యానెల్‌కు కొత్త మడత, వాడిన గుడ్డ తిరిగి బకెట్లోకి వెళ్లకూడదు. దుమ్ము దట్టంగా పేరుకుని ఉంటే ముందు చేతి స్ప్రేయర్‌తో తడిపి జార్చాలి.

కడిగాక చేతికి పలచటి ప్లాస్టిక్ కవరు తొడిగి పెయింట్ మీద వేళ్లు జరిపితే, విడి చేతికి తెలియని గరుకు తెలుస్తుంది. అది బ్రేకు ఇనుప రజను, చెట్ల బంక, సిమెంటు దుమ్ము. క్లే ముక్కను పల్చటి షాంపూ నీళ్ల మీద బరువు పెట్టకుండా జరపాలి. కింద పడిన క్లే చెత్తబుట్టకే. ఇసుక పట్టిన క్లే ఉప్పు కాగితంతో సమానం.

సున్నం చుక్కలు క్లేకి రాలేదు, రావు. శ్లాబు కాంక్రీటులోంచి నీళ్లతో దిగిన కాల్షియం గాలి తగిలి గట్టిపడిందది, దానికి పులుపే మందు. తెల్ల వెనిగర్, డిస్టిల్డ్ వాటర్ సగం సగం కలిపి, గుడ్డ తడిపి చుక్క మీద ఒక నిమిషం, తుడుపు, నీళ్లు. మొండి చుక్కలకు మళ్లీ ఒకసారి. రేకు చల్లగా ఉండాలి, వెనిగర్ పెయింట్ మీదే ఆరిపోకూడదు. సున్నం పోయాక నాలుగు చోట్ల గుంటలు కనబడ్డాయి. అవి క్లియర్‌ను తినేసిన జాడలు. వాటి కోసం 2000 నంబరు వాటర్ పేపర్ (తడిపి రుద్దే సన్నటి ఉప్పు కాగితం) పట్టలేదు. రూఫ్ మీద ఎండ దెబ్బ అన్నిటికంటే ముందు తగులుతుంది, అక్కడ మైక్రాన్లు ఖర్చు పెట్టడం దండగ.

బానెట్: పరీక్ష చదరం

టేపుతో 45 సెం.మీ. చదరం గీసి, అన్నిటికంటే మెత్తటి జోడీతో మొదలు: మెత్త ప్యాడ్, ఫినిషింగ్ పాలిష్. గీతలు పెద్దగా తగ్గలేదు. తర్వాత మీడియం ప్యాడ్ మీద అదే ఫినిషింగ్ పాలిష్: సగానికి పైగా పోయాయి. మీడియం ప్యాడ్‌తో కటింగ్ కాంపౌండ్: దాదాపు శుభ్రం. బానెట్, రూఫ్‌లకు రెండో జోడీ, తలుపులకు మూడోది ఖాయం చేశాం. నిలువు తలుపులకు ఎండ దెబ్బ తక్కువ, కాస్త ఎక్కువ దించినా ఓర్చుకుంటాయి.

పద్ధతి: కొత్త ప్యాడ్‌కు మొదట ఒంటినిండా మందు (పాలిష్ లేదా కాంపౌండ్) పట్టించాలి, ఆ తర్వాత చదరానికి శనగగింజంత చుక్కలు నాలుగు. రెండో స్పీడులో పరిచి, ఐదో స్పీడులో పని. చెయ్యి సెకనుకు రెండు మూడు సెంటీమీటర్లకు మించి కదలకూడదు. ప్రతి గీటు ముందు గీటులో సగం కప్పాలి, అడ్డంగా ఒకసారి, నిలువుగా ఒకసారి, అలా నాలుగు నుంచి ఆరు పాస్‌లు. బ్యాకింగ్ ప్లేటు అంచున మార్కర్‌తో ఒక గీత పెట్టుకుంటే ప్యాడ్ తిరుగుతోందో ఊరికే అదురుతోందో కనబడుతుంది. అదురుతుంటే గీతలు తగ్గవు, వేడి మాత్రం పుడుతుంది. వైరు భుజం మీదుగా వేసుకోవాలి, లేకపోతే పాలిష్ చేసిన చోటే రాసుకుంటూ పోతుంది.

తెల్లటి పొడి లేస్తోందంటే మందు ఎక్కువైనట్టు, లేదా రేకు వేడెక్కినట్టు. సెల్లార్ చల్లగానే ఉంటుంది. బయట చేసేవాళ్లు బెంగళూరులోనైనా ఉదయం తొమ్మిది లోపు ముగించడం మంచిది. ప్రతి చదరం తర్వాత ప్యాడ్‌ను గట్టి నైలాన్ బ్రష్‌తో దులపాలి. మందు, అరిగిన క్లియర్ కలిసి గట్టిపడిన ప్యాడ్ కొత్త గీతలు పెడుతుంది. అర బండికి ఒక్క ప్యాడే వాడితే లోపల వేడెక్కి వెల్క్రో జిగురు ఊడి, ప్యాడ్ ఎగిరిపోతుంది.

ప్యాడ్‌కు నీలం అంటితే ఆగిపోవాలి. క్లియర్ కోట్ ఉన్న బండికి రంగు అంటకూడదు, అంటిందంటే క్లియర్ అయిపోయినట్టే. (క్లియర్ లేకుండా ఒకే కోటు సాలిడ్ రంగు వేసిన పాత బండ్లకు మాత్రం రంగు అంటడం మామూలే.) ఇక్కడ రీపెయింట్ తలుపుతో సహా ఎక్కడా అంటలేదు. ఆ తలుపు క్లియర్ మెత్తగా ఉంది, కాంపౌండ్ తర్వాత మసకగా మిగిలింది, మెత్త ప్యాడ్‌తో మరో విడత కావాల్సి వచ్చింది.

బాడీ లైన్ల మీద, తలుపు అంచుల మీద పెయింట్ ఎప్పుడూ పలచనే, అక్కడ టేపు. నల్ల ప్లాస్టిక్, రబ్బరు బీడింగ్‌లకూ టేపు వేయాలి. గరుకు ప్లాస్టిక్ సందుల్లో ఆరిన కాంపౌండ్ తెల్లగా ఉండిపోతుంది, టూత్‌బ్రష్‌తో గంటసేపు రుద్దినా పూర్తిగా రాదు.

తనిఖీ

ఐసోప్రొపైల్ ఆల్కహాల్ ఒక పాలు, డిస్టిల్డ్ వాటర్ మూడు పాళ్లు కలిపి తుడిచాకే ఫలితం నమ్మాలి. కొన్ని పాలిష్‌లలో నూనెలు, ఫిల్లర్లు ఉంటాయి, అవి గీతలను కప్పేస్తాయి. రెండు వాష్‌లకు గీతలు తిరిగొచ్చాయని వాపోయే బండ్లలో చాలావాటి సంగతి ఇదే. ఫోన్ టార్చ్‌ను ఏటవాలుగా పట్టి చూడాలి. తుడిచాక బానెట్ 96–104, కుడి ముందు తలుపు 93–107. గేజ్ పొరపాటే రెండు మూడు మైక్రాన్లు ఉంటుంది కాబట్టి ఈ తేడాను అక్షరాలా తీసుకోలేం, గండి పడలేదని మాత్రం చెప్పొచ్చు.

పైన పెయింట్‌ను కాపాడే స్ప్రే సీలెంట్ పలచగా, ప్యానెల్‌కు రెండు మూడు పిచికారీలు, వెంటనే ఆరిన గుడ్డతో తుడవడం. పన్నెండు గంటలు నీళ్లు తగలనివ్వలేదు. గుడ్డలు విడిగా ఉతకాలి, ఫాబ్రిక్ కండిషనర్ వెయ్యకూడదు, వేస్తే పీల్చే గుణం పోతుంది. రూఫ్ మీదకి కారే శ్లాబు పగులుకు వాటర్‌ప్రూఫింగ్ చేయమని అసోసియేషన్‌కు రాసి ఇచ్చాం, అది జరిగేదాకా బండి రెండడుగులు వెనక్కి. ఇంకా చేయాల్సినవి హెడ్‌లైట్లు: 1500, 2000, 3000 పేపర్లు వరసగా, తర్వాత ఎండను ఆపే యూవీ క్లియర్ పూత.